పారామెడికల్ ఆన్‌లైన్ చదువు: కలిసి నేర్చుకునేలా ఎలా తయారుచేసుకుందాం?

(సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన యువజన విభాగం పిల్లలు నాకొక ప్లాన్ పంపారు. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, అంబులెన్సులో ఈఎంటీ లాంటి కోర్సులు చదువుతున్న మన పిల్లల కోసం, అప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ల కోసం సంఘం తరఫున ఆన్‌లైన్ తరగతులు పెడతామని, టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని కాబట్టి చూసి చెప్పమని అడిగారు. అందులో 60 వీడియోలు, వారానికో పరీక్ష, చివర్లో సర్టిఫికెట్ ఉన్నాయి. చూశాను. ఆలోచన చాలా మంచిది. ప్లాన్ మాత్రం మార్చాలి. మొహమాటం లేకుండా చెబుతాను. ఇక్కడున్న ఆడపిల్లల్లో చాలామంది నా హాస్టల్లో తిని పెరిగినవాళ్లే, నా మాట తీరు వాళ్లకి తెలుసు.

ముందు నా తప్పు చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనూ ఒక ఆన్‌లైన్ ప్రథమ చికిత్స కోర్సు చేశాను. వీడియోలు చూడటం, పది ప్రశ్నలకి జవాబులు నొక్కడం. నాకు పదికి తొమ్మిది వచ్చాయి. సర్టిఫికెట్ ప్రింటు తీసి ఆఫీసు గదిలో అంటించాను. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక రాత్రి ఎనిమిదో తరగతి పిల్లకి ఫిట్స్ వచ్చాయి. కరెంటు లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. వంటామె పరుగున వచ్చి తాళంచెవుల గుత్తి ఆ పిల్ల చేతిలో పెట్టి బిగించింది. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నాలుక కొరుక్కుంటుందని పళ్ల మధ్య పెట్టడానికి గరిటె తెమ్మన్నాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు మేడం, పళ్లు విరుగుతాయి. నోట్లో ఏమీ పెట్టకూడదు. పట్టుకుని నొక్కకండి. మీరు టైం చూడండి" అంది. తల కింద తన చున్నీ మడిచి పెట్టింది. పక్కనున్న ట్రంకు పెట్టెలు జరిపించింది. కుదుపులు తగ్గగానే పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి చొంగ బయటికి పోయేలా చేసింది. మూడు నిమిషాల్లోపే ఆగింది. ఐదు నిమిషాలు దాటితే ప్రమాదమని, అందుకే టైం చూడమన్నానని తర్వాత నాకు చెప్పింది.

ఆ పిల్లకి ఇదంతా ఎలా తెలుసు? వాళ్ల తమ్ముడికి ఫిట్స్ ఉన్నాయి. పీహెచ్‌సీలో నర్సమ్మ వాళ్లమ్మకి చేసి చూపిస్తుంటే పక్కన నిలబడి చూసింది. తర్వాత ఇంట్లో అమ్మతో కలిసి చేసింది. ఒకసారి తప్పు చేస్తే అమ్మ సరిదిద్దింది. అంతే. మర్నాడు నా పాత పరీక్ష పేజీ తెరిచి చూశాను. పది ప్రశ్నల్లో ఒకటి ఫిట్స్ గురించే. నేను సరైన జవాబే పెట్టాను!

మీ ప్లాన్ చదువుతుంటే నాకు ఆ పేజీయే గుర్తొచ్చింది. 60 వీడియోలు చూసిన మన పిల్లలు 60 సర్టిఫికెట్లు గోడకి అంటించుకుని, చేతులు మాత్రం నా చేతుల్లాగే ఉండిపోతే ఎలా? పైగా వాళ్లు నాలా వార్డెన్లు కారు. అంబులెన్సులో వాళ్లే ఉంటారు.

ఇక్కడొక మాట. పారామెడిక్ అంటే కొన్ని దేశాల్లో అంబులెన్సులో వచ్చి ప్రాణం నిలబెట్టేవాళ్లు. మన దగ్గర పారామెడికల్ అంటే ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు అందరూ వస్తారు. అంబులెన్సు మనిషిని ఈఎంటీ అంటాం, బండి నడిపే అన్నని పైలట్ అంటాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక ఈ మాటలు మన ఊళ్లకీ వచ్చాయి. ఎవరైనా సరే, ఇవి చేతులతో చేసే పనులు. 2021లో కేంద్రం చేసిన చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తులకి కనీసం 2,000 గంటల చదువు, అదీ రెండు నుంచి నాలుగేళ్లలో ఉండాలి. కాబట్టి "మొత్తం ఇంట్లో కూర్చునే డిప్లొమా" అని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. ముందు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో చూడండి. మనం పెట్టుకోబోయేది కాలేజీకి బదులు కాదు. కాలేజీలో, ఆసుపత్రిలో నేర్చుకునేది గట్టిపడటానికి మనలో మనం పెట్టుకునే తోడు.

తోడు అన్నాను కదా. నేను బీఈడీలో వైగోట్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త గురించి చదివాను. పిల్ల ఒక్కతే చేయగలిగేది కొంత, తెలిసినవాళ్ల తోడుతో చేయగలిగేది ఇంకొంత, ఆ రెంటికీ మధ్య ఉన్న చోటులోనే చదువు జరుగుతుందని ఆయన అన్నాడు. పరీక్షకి బట్టీపట్టి రాశాను. అర్థమైంది మాత్రం థింసా చూస్తున్నప్పుడు. కొత్తగా వచ్చిన పిల్లని ఎక్కడ నిలబెడతారు? తెలిసిన ఇద్దరి మధ్య. వెనక నుంచి చేతులు కలుపుతారు. తుడుం మోగుతుంది, మోరి పలుకుతుంది, అడుగు తప్పితే పక్కామె నడుమే ఆ పిల్లని లాగి సరిచేస్తుంది. ముందు పాఠం విని తర్వాత ఆడటం ఉండదు. ఆడుతూనే నేర్చుకుంటుంది. మన ఆన్‌లైన్ తరగతి కూడా ఇలా ఉండాలంటే, ముందు ఒక్కొక్కరికీ విడివిడిగా లాగిన్ ఇవ్వడం మానేద్దాం. ముగ్గురికి కలిపి ఒక జట్టు. అందులో కనీసం ఒకరు ఉద్యోగంలో ఉన్నవాళ్లో, చివరి ఏడాది చదువుతున్నవాళ్లో అయి ఉండాలి. ముగ్గురూ వారానికి ఒకసారైనా కాళ్లతో నడిచి కలుసుకోగలిగే దూరంలో ఉండాలి. ఆన్‌లైన్ తరగతికి ఈ షరతేంటని నవ్వకండి, కారణం కాసేపట్లో చెబుతాను.

అంతకుముందు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. అలాస్కా. అమెరికాలోనే ఉత్తరాన ఉన్న మంచు రాష్ట్రం. అక్కడి ఆదివాసీ ఊళ్లకి చాలావాటికి రోడ్డు లేదు, చిన్న విమానమో మంచు బండో దిక్కు. 1950లలో క్షయ ఆ ఊళ్లని ఊడ్చేస్తుంటే మందులు పంచడానికి ఊరి మనుషులనే పెట్టుకున్నారు. 1968లో అది పద్ధతైన కార్యక్రమంగా మారింది. ఊరి కౌన్సిలే తమ మనిషిని ఎంచి పంపుతుంది. శిక్షణ నాలుగు విడతలు, ఒక్కో విడత మూడు నాలుగు వారాలు. విడతకీ విడతకీ మధ్య ఊరికి తిరిగొచ్చి పని చేయాలి. వాళ్ల చేతిలో ఉండే పుస్తకం గుండె, ఊపిరితిత్తులు అని అధ్యాయాలుగా మొదలవదు. వచ్చిన మనిషి ఏ బాధ చెబుతున్నాడో అక్కడ మొదలవుతుంది. ఏం అడగాలి, ఏం చూడాలి, ఎప్పుడు డాక్టరుకి చెప్పాలి అని అడుగడుగునా నడిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది రేడియో సంగతి. రోజూ ఒక వేళకి ఊరి ఆరోగ్య సహాయకులు రేడియోలో డాక్టరుతో తమ రోగుల గురించి మాట్లాడేవారు. 1971లో ఒక ఉపగ్రహం సాయంతో కొన్ని ఊళ్లకి ఈ మాటలు స్పష్టంగా వినిపించేలా ప్రయోగం చేశారు. అప్పుడు ఒక ఊరి సహాయకురాలు తన కేసు చెబుతుంటే మిగతా ఊళ్లవాళ్లు కూడా విని నేర్చుకున్నారు. డాక్టరు ఒక్కరికి చెప్పిన జవాబు పది మందికి పాఠమైంది. ఇంటర్నెట్ పేరే లేని రోజులవి. అందుకే సిగ్నల్ లేదు, యాప్ లేదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే ఆ రేడియోలో ఒక లోపం కూడా ఉంది. ఎవరి రోగం ఏమిటో రేడియో ఉన్న ప్రతి ఇంట్లో వినబడేది. దీని గురించి తర్వాత మాట్లాడతాను.

ఇలాంటిదే కొత్త కాలంలో న్యూ మెక్సికోలో జరిగింది. 2003లో సంజీవ్ అరోరా అనే డాక్టరు ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. కాలేయ జబ్బు హెపటైటిస్ సికి పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంటే, దూరంగా ఉన్న చిన్న క్లినిక్‌లవాళ్లని వారానికోసారి వీడియోలో కలిపి, వాళ్ల రోగుల కేసులే చర్చకి పెట్టారు. చిన్న క్లినిక్‌లలో నయమైనవాళ్ల శాతం పెద్దాసుపత్రితో సమానంగా ఉందని 2011లో వైద్య పత్రికలో అచ్చయింది.

రెండు చోట్లా పాఠం కేసుతోనే మొదలైంది. మన 60 వీడియోల్లో మొదటిది "మానవ శరీర నిర్మాణం". అది కాలేజీలో చెబుతారు. మనం కేసుతో మొదలుపెడదాం. అదీ మన కేసుతో.

ఉదాహరణకి డోలీ. స్పృహ లేని మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని ప్రతి పుస్తకంలో ఉంది. బొమ్మలో చదునైన స్ట్రెచర్ ఉంటుంది. మన కొండ మీద నుంచి దిగేది దుంగకి కట్టిన దుప్పటిలో. అందులో మనిషి వంగిపోయి, గడ్డం ఛాతీకి ఆనుకుపోతుంది. ఊపిరి దారి మూసుకుపోకుండా ఎలా మోయాలి? నులక మంచానికి దుంగలు కట్టి మోస్తే నయమా? ఇరుకు దారిలో మంచం తిరుగుతుందా? కాన్పు తర్వాత రక్తం పోతున్న తల్లిని దించేటప్పుడు ఎంత పోతోందో చీకట్లో ఎలా కనిపెట్టాలి? ఏ నగరం నుంచి వచ్చిన వీడియోలోనూ దీనికి జవాబు దొరకదు. 2018లో ఏజెన్సీకి బైక్ అంబులెన్సులు వచ్చాయి, మంచిదే. బైకు కూడా ఎక్కలేని దారి ఇంకా మిగిలే ఉంది. డోలీ మోసిన తమ్ముళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్లు చెప్పాలి, ఈఎంటీ చదివినవాళ్లు వినాలి, డాక్టరు తప్పొప్పులు చెప్పాలి. ఆ మూడు మాటలూ కలిస్తేనే మనకి పాఠం తయారవుతుంది.

ఇంకో కేసు, పాము. దీన్ని ముగ్గురికి ఎలా పంచవచ్చో చూడండి. ఒకరు కట్లపాము గురించి తయారవుతారు. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తర్వాత కనురెప్పలు వాలతాయి, ఊపిరి అందదు. రెండోవాళ్లు రక్తపింజర. వాపు, రక్తం గడ్డకట్టకపోవడం, శుభ్రమైన గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా చూసే పరీక్ష. మూడోవాళ్లు చేయాల్సినవి, చేయకూడనివి. తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, పీల్చకూడదు, కాలు కదలకుండా ఉంచి విషానికి విరుగుడు సూది ఉన్న చోటికి చేర్చాలి. తర్వాత ముగ్గురూ కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒకరు చదవకుండా వస్తే మిగతా ఇద్దరి పాఠం ఆగిపోతుంది. అందుకని చదువుతారు. దీన్ని జిగ్‌సా పద్ధతి అంటారు. 1971లో ఎలియట్ అరోన్‌సన్ అనే ఆయన అమెరికాలో తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు, మెక్సికన్ పిల్లలు ఒకే తరగతిలో పడి కొట్టుకుంటుంటే కనిపెట్టాడు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికి అవసరమైతే చిన్నచూపు తగ్గుతుందని ఆయన లెక్క. కాలేజీలో "ఏజెన్సీ నుంచి వచ్చావా" అని అడిగించుకున్నవాళ్లకి ఇది నేను వివరించక్కర్లేదు.

ఇప్పుడు చేతుల సంగతి. ముగ్గురూ నడిచి కలుసుకునే దూరంలో ఉండాలని ఎందుకన్నానంటే, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం వీడియో చూస్తే రాదు. పెద్దవాళ్లకి ఐదారు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 30 నొక్కులకి రెండు శ్వాసలు. అంకెలు ఒక్క రోజులో వస్తాయి. రెండు నిమిషాలకే చేతులు అలిసి లోతు తగ్గిపోతుందని మాత్రం నొక్కినవాళ్లకే తెలుస్తుంది. బతికున్న మనిషి ఛాతీ మీద ఎప్పుడూ సాధన చేయకండి. బొమ్మ దొరక్కపోతే గట్టిగా చుట్టి కట్టిన దుప్పటి మూట చాలు. ఒకరు నొక్కుతారు, ఒకరు లెక్కపెడతారు, ఒకరు ఫోన్లో తీస్తారు. ఆ నిమిషం వీడియోని మార్గదర్శికి పంపితే "మోచేతులు వంగుతున్నాయి" అని రాస్తారు. మళ్లీ చేసి మళ్లీ పంపాలి. మా ట్రైనింగులో మైక్రో టీచింగ్ అని ఇదే చేయించేవారు. ఐదారు నిమిషాల పాఠం చెప్పడం, తోటివాళ్లు చూసి తప్పులు చెప్పడం, మళ్లీ చెప్పడం. ఏడుపొచ్చేది. కానీ నాకు పాఠం చెప్పడం వచ్చింది అందువల్లే. కాబట్టి నా సలహా, వారం వారం టిక్కు పెట్టే పరీక్ష తీసేయండి. ఇద్దరు తోటివాళ్లు చూశారు, మార్గదర్శి చూశారు, రెండోసారి సరిగా చేశారు అని ఉంటే అదే మార్కు.

ఫోన్లు, సిగ్నల్. 2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు మన పిల్లలు గుట్టలెక్కి, చెట్టు కింద గొడుగు పట్టుకుని కూర్చున్న రోజులు మీకే బాగా తెలుసు. అన్న ఫోను అన్న ఇస్తేనే చెల్లికి క్లాసు. అందుకే లైవ్ క్లాసు మీద ఏదీ ఆధారపడకూడదు. కేసు రెండు పేజీలకి మించకుండా రాయాలి, దాన్నే చదివి ఆడియోగా కూడా పంపాలి. సంతకి వెళ్లిన రోజు ఒకరు డౌన్‌లోడ్ చేసుకొస్తే వారమంతా ముగ్గురికీ సరిపోవాలి. ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పెడితే సిగ్నల్ దొరికినప్పుడు పోతాయి. అందరూ కలిసే మాట వారానికి ఒక్కసారి చాలు, అదీ మామూలు ఫోన్ కాల్‌తో కూడా కలవగలిగేలా ఉండాలి. వేళ ఆడపిల్లల్ని అడిగి పెట్టండి. సాయంత్రం ఆరు అని మీ కాగితంలో ఉంది. ఆ వేళకి నీళ్లు, పొయ్యి, తమ్ముళ్ల అన్నం ఎవరు చూస్తారు?

భాష గురించి పెద్దగా చెప్పను. మందుల పేర్లు, పరికరాల పేర్లు ఇంగ్లీషులోనే ఉంచండి, ఉద్యోగంలో అవే కావాలి. కానీ రోగి చెప్పే మాట కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో ఉంటుంది. ఒక ముసలమ్మ తన ఆయాసాన్ని ఏ మాటతో చెబుతుంది, కళ్లు తిరగడాన్ని ఏమంటుంది అని ప్రతి జట్టూ తన ఊళ్లో అడిగి రాసుకురావాలి. ఏడాది తిరిగేసరికి ఒక చిన్న నిఘంటువు అవుతుంది. సికిల్ సెల్ పరీక్షలకి ఊళ్లోకి వచ్చే సిబ్బందికి అది ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

రేడియో లోపం గురించి మాట్లాడతానన్నాను. మన గ్రూపుల్లో ప్రమాదం కాగానే ఫోటో వస్తుంది. కాన్పుకి మోసుకెళ్తున్న ఆడమనిషి ముఖం కూడా కనబడుతుంది. అది మానాలి. కేసు పెట్టేటప్పుడు పేరు, ఊరు, ఫోటో ఏవీ వద్దు. పేరు తీసేస్తే సరిపోదు. 30 గడపల ఊళ్లో "కవల పిల్లల తల్లి" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. ఆ వివరం పాఠానికి అవసరం లేకపోతే మార్చేయండి.

ఇక చివరిది, నాకు అన్నిటికన్నా భయమున్నది. మార్గదర్శిగా ఎవరుంటారు? గ్రూపు పెట్టడం తేలిక. ఒక పిల్ల రాత్రి ధైర్యం చేసి "నేను నరం దొరక్క నాలుగుసార్లు పొడిచాను" అని పెడుతుంది. రెండు రోజులు ఎవరూ పలకరు. మూడో రోజు ఎవరో గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మ పెడతారు. ఇక ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. ఒక్కో మార్గదర్శికి ఐదు జట్లకి మించి ఇవ్వకండి. ఒక రోజులోపు జవాబు రావాలి. "నాకూ తెలీదు, డాక్టరు గారిని అడిగి చెబుతా" అన్నా జవాబే. తప్పు చెప్పుకున్నవాళ్లని వెక్కిరించినవాళ్లని మొదటిసారే పక్కన కూర్చోబెట్టి మాట్లాడాలి. సంఘం దగ్గర వీడియోల కోసం కేటాయించిన డబ్బుంది కదా, దాన్ని మార్గదర్శుల ఫోన్ ఖర్చులకి, జట్లు కలుసుకునే రోజు బస్సు చార్జీలకి, రెండు మంచి సీపీఆర్ బొమ్మలకి పెట్టండి. బొమ్మలు వంతుల వారీగా మండలాలు తిరుగుతాయి.

ఒకేసారి అందరికీ వద్దు. ముందు ఆరు జట్లు, పద్దెనిమిది మంది, మూడు నెలలు. ఎక్కడ చెడిందో చూసుకుని తర్వాత పెంచుదాం. ఉద్యోగంలో ఉన్న ఈఎంటీలు, నర్సులు, స్టాఫ్ ఎవరైనా ఇక్కడుంటే భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి పేరు రాయించండి, నోటుబుక్కు తెచ్చుకున్నాను.

మొదటి వారం కేసు నేనే ఇస్తాను. హాస్టల్, రాత్రి, కరెంటు లేదు, ఎనిమిదో తరగతి పిల్లకి ఫిట్స్, పెద్దామె గరిటె తెమ్మంటోంది. పిల్ల పేరు ఉండదు. పెద్దామె పేరు కావాలంటే పెట్టుకోండి.